రెండు ఊళ్ళు, రెండు సైకిళ్ళు

పోయిన మంగళవారం పొద్దున ఆఫీసులో తపాలా చూస్తుంటే నంద్యాల నుంచి ఫోనొచ్చింది. మా హెడ్‌క్లర్కు సారు పోయారని ఆయన అల్లుడు చెప్పాడు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ ప్యాంటూ చొక్కా వేసుకుని, టక్ చేసుకుని, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారట. కాఫీ తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉందట. ఎక్కడికైనా బయలుదేరారా అని అడిగాను. ఎక్కడికీ లేదక్కా, రిటైరైనా రోజూ అట్లనే తయారవుతాడు గదా అన్నాడు ఆ అబ్బాయి.

ఆయన గురించి నలుగురికీ చెప్పుకునేంత పెద్ద విషయాలేవీ లేవు. సన్మానాలు లేవు, శాలువాలు లేవు. రైతులు కాగితాల కోసం వచ్చే ఒక మామూలు ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేసి ఇంటికి పోయిన మనిషి. అయినా రాస్తున్నాను. ఆయనకు నేను చేసిన తప్పు ఒకటుంది. అది ఆయన ముందు ఒప్పుకోవాలని పదమూడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఆయన మాత్రం పోయారు.

తొంభైల మధ్యలో నేను ఆళ్లగడ్డలోని ఆ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ఇల్లు నంద్యాలలో. అమ్మ లేదు. నాయనకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. నాయనకు ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, జావ తాగించి, పక్కింటామెకు అప్పజెప్పి బయలుదేరేసరికి ఎనిమిదిన్నర. ఎనిమిదీ యాభై బస్సు ఎక్కితే శిరివెళ్ల మీదుగా, మధ్యలో చెయ్యెత్తిన ప్రతివాళ్ళనూ ఎక్కించుకుంటూ, పదింబావుకు ఆళ్లగడ్డలో దింపేది. అదే బస్సులో మా హెడ్‌క్లర్కు సారు కూడా వచ్చేవారు.

ఆయనకు రెండు సైకిళ్ళు. ఒకటి నంద్యాలలో ఇంటి నుంచి బస్టాండుకు. అది అక్కడ స్టాండులో పెట్టి బస్సెక్కేవారు. రెండోది ఆళ్లగడ్డ బస్టాండు పక్కన స్టాండులో ఉండేది. దాని మీద ఆఫీసుకు. సాయంత్రం మళ్ళీ ఇదే వరస, తిరగేసి. రెండూ ఒకే కంపెనీ, ఒకే నలుపు, తాళంచెవులు కూడా ఒకే మాదిరి. దాంతో నెలకొకసారైనా ఆళ్లగడ్డ తాళంచెవి నంద్యాల ఇంట్లో మరిచి, నంద్యాలది జేబులో వేసుకుని వచ్చేవారు. అలాంటి రోజున వెనక చక్రం ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ముందు చక్రం మీద సైకిలును పరుగున తోసుకుంటూ టైముకే ఆఫీసుకు తెచ్చేవారు. స్టాండులోనే వదిలేసి నడిచి రావచ్చు గదా అని ఎవరో అంటే, సాయంత్రం తిరుగు బస్సు అందాలంటే తాళం పగలగొట్టాల్సిందే, ఆఫీసులో అయితే సుత్తి ఉంది అన్నారట.

ఆయన గుడ్డల గురించి చెప్పాలి. తెల్లని ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ముదురు రంగు ప్యాంటు, కత్తి పెట్టి గీసినట్టు ఇస్త్రీ మడతలు. అవన్నీ వేసుకుని, సైకిలెక్కే ముందు సంచిలోంచి పాత గళ్ళ లుంగీ తీసి ప్యాంటు మీద చుట్టుకునేవారు. సీటు రాపిడికి ప్యాంటు వెనక మెరుపెక్కకూడదని, చైను నూనె అంటకూడదని. పైన టక్ చేసిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, కింద మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ, దాని కింద నుంచి కనబడే ప్యాంటు, నల్ల బూట్లు. ఊరంతా ఆయన్ను లుంగీ సారనే పిలిచేది. ఆఫీసు గేటు దగ్గర దిగి లుంగీ విప్పి, నాలుగు మడతలు వేసి సైకిలు క్యారియరుకు పెట్టి, చేత్తో ప్యాంటు దులుపుకుని లోపలికి వచ్చేవారు.

ఇంత అవస్థ దేనికని ఒకసారి అడిగాను. "పొలం ఇడిసిపెట్టి, దినం పోగొట్టుకుని మన కాడికి వస్తాండారు గదమ్మా. వాళ్ల ముందర మాసిన గుడ్డల్తో కూర్చుంటే వాళ్లను మనం లెక్కపెట్టనట్టే" అన్నారు. ఆ మాట అప్పట్లో నాకు పెద్దగా ఎక్కలేదు. నా గోల నాది.

నా గోల ఏమిటంటే రిజిస్టరు. ఆఫీసు పదిన్నరకు. పది నిమిషాలు వెసులుబాటు ఇచ్చేవారు. సరిగ్గా పదీ నలభైకి హాజరు రిజిస్టరు హెడ్‌క్లర్కు బల్ల మీంచి లేచి ఆఫీసరు గదిలోకి పోయేది. సంతకం లేని గడిలో ఎర్ర సిరా గుర్తు పడేది. బస్టాండు నుంచి ఆఫీసుకు అరగంట నడక. ఆటోలు అప్పటికి ఆ దారిన లేవు. ఆయనా నేనూ ఒకే బస్సు దిగేవాళ్ళం. ఆయన సైకిలెక్కి, లుంగీ గాలికి కొట్టుకుంటూ నా ముందు నుంచే పోయేవారు. నేను చెప్పులు అరిగేటట్టు నడిచి, చెమటలు కక్కుతూ చేరేసరికి చాలా రోజులు రిజిస్టరు అప్పటికే లోపలికి పోయి ఉండేది. పంపింది ఎవరు? నాతోపాటే బస్సు దిగిన మనిషి. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు అడిగేశాను. ఒక్క అయిదు నిమిషాలు రిజిస్టరు ఆపకూడదా సార్ అని. ఆయన తల ఎత్తకుండానే, "ఆపేదానికి అది నాది కాదు మ్మా. నువ్వే బేగా రావల్ల" అన్నారు.

"మీకు సైకిలుంది సార్. నాకేముంది?"

"నేర్చుకో."

వెక్కిరిస్తున్నారనుకున్నాను. స్కూలు పిల్లలు తొక్కుతారేమో గానీ, చీర కట్టుకుని సైకిలు మీద ఆఫీసుకు పోయే ఆడమనిషిని నేను నంద్యాలలోనూ చూడలేదు, ఆళ్లగడ్డలోనూ చూడలేదు. పోనీ మీ సైకిలు వెనక కూర్చోబెట్టుకు రాకూడదా అని ఆఫీసులో ఎవరో ఆయన్ను అడిగితే, ఆ పాప ఈ ఊళ్ళో ఇంకా ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేయాలి, లేని మాటలు పుట్టించడం నాకిష్టం లేదు అన్నారట. అది కూడా నాకు గొప్ప కోసం అన్నట్టే వినబడింది. ముక్కు మీద కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

పదకొండో ఎర్ర గుర్తు పడిన రోజు ఆఫీసరు పిలిపించి మెమో చేతిలో పెట్టారు. ఇకముందు ఒక్క గుర్తు పడినా ప్రొబేషన్ పూర్తయినట్టు రాయనన్నారు. అది పూర్తికాకపోతే ఉద్యోగం ఊడుతుంది. మంచం మీద నాయన, ఇంట్లో ఇంకో సంపాదన లేదు. ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక టైపు మిషను ముందు కూర్చుని ఒక ఆకాశరామన్న ఉత్తరం కొట్టాను. కర్నూలులోని పై ఆఫీసుకు. ఆళ్లగడ్డ ఆఫీసు హెడ్‌క్లర్కు లుంగీతో ఆఫీసుకు వచ్చి ప్రభుత్వ మర్యాదను మంటగలుపుతున్నాడనీ, మహిళా ఉద్యోగిని వేధిస్తున్నాడనీ, విచారించి చర్య తీసుకోవాలనీ. కింద 'ఒక రైతు' అని పెట్టాను. సాయంత్రం నంద్యాలలో పోస్టు డబ్బాలో వేశాను. వేసిన ఆ నిమిషం హాయిగా ఉండింది. దాచడం దేనికి.

పై ఆఫీసుల పద్ధతి అప్పటికి నాకు తెలియదు. ఎవరి మీద అర్జీ వస్తుందో ఆ ఆఫీసుకే అర్జీని పంపి, సంజాయిషీ రాయమంటారు. మెమో వచ్చినప్పటి నుంచి నాయన పనులు కూడా పక్కింటామెను బతిమాలి అప్పజెప్పి, పొద్దున అంతకు ముందు బస్సుకే పోతున్నాను గానీ, అది ఎక్కువ రోజులు సాగేది కాదు. మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం తపాలాలో నా ఉత్తరం తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. కవరు విప్పింది హెడ్‌క్లర్కు సారే. నా బల్ల నుంచి చూస్తున్నాను. చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నన్ను పిలిచి ఆ కాగితం నా ముందు పెట్టి, వేలు ఒకచోట ఆనించారు.

"ఈ ళ చూసినావా మ్మా. మన మిషను మాదిరే పైకి ఎగురుతాంది. జిల్లాలో ఇట్లాంటి మిషను ఇంగోటి ఉన్నట్టుంది."

మా టైపు మిషనులో ళ అక్షరం వరసలో నిలవకుండా సగం పైకి పడేది. మేం పంపే ప్రతి కాగితంలోనూ ఆళ్లగడ్డ పేరు మధ్యలో కుంటినట్టు ఉండేది. రోజూ చూసీ చూసీ నా కంటికి అది తప్పుగా ఆనడం మానేసింది. ఆ ఉత్తరంలో ఊరి పేరే మొదటి మాట.

ఆయన జవాబు చిత్తు రాసి టైపు చేయమని నాకే ఇచ్చారు. సైకిలు తొక్కేటప్పుడు లుంగీ కట్టుకునే మాట నిజం, గేటు దగ్గర తీసివేస్తాను అని రాశారు. మహిళా ఉద్యోగికి పదకొండు ఆలస్యపు గుర్తులు పడ్డాయి, పదకొండూ సరైనవే, ఆమె పనిలో మాత్రం వంక పెట్టేదేమీ లేదు అని రాశారు. వేధించాననీ రాయలేదు, వేధించలేదనీ రాయలేదు. టైపు చేసి ఇచ్చాను. ఆయన ఆ పేజీ చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. పైనుంచి కింది దాకా ళ అక్షరాలన్నీ ఎగిరి ఉన్నాయి. కర్నూలులో ఎవరైనా అర్జీనీ జవాబునూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, నా కథ ముగిసినట్టే. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, తెల్లకాగితం తీసుకుని జవాబంతా చేత్తో రాశారు. మిషను చెడిపోయిందని ఆఫీసరుకు చెప్పారు. సోమవారం నంద్యాల నుంచి మెకానిక్ వచ్చి ళను కిందికి దించాడు.

ఆ శుక్రవారం సాయంత్రం నంద్యాలలో బస్సు దిగి ఆయన సైకిలు తీసుకుంటుంటే నేను తల వంచుకుని పోతున్నాను. వెనక నుంచి పిలిచారు. ఆదివారం పొద్దున ఏడింటికి ఇంటికి రమ్మన్నారు. ఆఫీసు చీర కట్టుకుని రమ్మన్నారు. ఇంటావిడ ముందు నిలబెట్టి అడుగుతారనుకున్నాను. కాళ్ళు పట్టుకోవాలనే నిర్ణయించుకుని వెళ్ళాను. తీరా చూస్తే వాకిట్లో అద్దెకు తెచ్చిన లేడీస్ సైకిలు ఉంది. దాని పక్కన ఆయన భార్య గుప్పెడు కాంటాపిన్నులతో నిలబడి ఉంది.

ఆఫీసు చీర దేనికి సార్, లంగా ఓణీ అయితే సులువు గదా అన్నాను.

"ఆదివారం గుడ్డల్లో నేర్చుకుంటే సోమవారం పడతావ్" అన్నారు.

మార్కెట్ యార్డు మైదానంలో అయిదు ఆదివారాలు. ఆయన సీటు పట్టుకుని పరిగెత్తేవారు, ఆ ఇస్త్రీ గుడ్డల్లోనే. చీర సంగతి ఆమెది. సైకిలు ఎన్నడూ ఎక్కని మనిషి, చీర ఎక్కడ చిక్కుకుంటుందో ఆలోచించి ఆలోచించి కనిపెట్టింది. కుచ్చిళ్ళు ఎడమకు మలిపి, మోకాలి దగ్గర లోపలి నుంచి పిన్ను. పైట నడుం చుట్టూ తిప్పి దోపడం. అంచు జానెడు పైకి. భుజానికి సంచి, అందులో నిండు టిఫిను డబ్బా. బరువుతోనే నేర్చుకోవాలని ఆయన పట్టు. నేను పడినప్పుడల్లా ఇద్దరూ ముందు సైకిలును చూసేవారు. అద్దె సైకిలు గదా. మోచేతులు చెక్కుకుపోయి ఇంటికి పోతే నాయన వంకర పోయిన నోటితో ఏమైందని అడిగేవాడు. చెప్పాను. కొన్నాళ్ళకు ఆ అద్దె సైకిలు తోసుకుంటూ ఇంటికి పోయి వాకిట్లో బెల్లు కొడితే, బాగున్న చెయ్యి ఎత్తి మంచం మీద నుంచే పలకరించేవాడు.

ఆళ్లగడ్డ స్టాండు సాయిబు నాకొక పాత లేడీస్ సైకిలు చూసిపెట్టాడు. ఒక సోమవారం అది తీసుకుని సారు వెనక బయలుదేరాను. దారి పొడవునా అంగళ్ళలోంచి జనం తొంగి చూశారు. ఎవరో ఈల వేశారు. సారు వెనక్కి చూడకుండా, ముందర చూడు మ్మా, వాళ్ళు ఆడనే ఉంటారు, మనం పోతాం అన్నారు. ఆయన గేటు దగ్గర దిగి లుంగీ విప్పుతున్నారు. నేనూ దిగాలి. ఆ రోజు గేటు ముందు రైతులు గుంపుగా నిలబడి ఉన్నారు. మైదానంలో ఎక్కడపడితే అక్కడ ఒరిగి దిగే అలవాటే తప్ప, మనుషుల మధ్య, ఒకచోట ఆపి దిగడం నేను నేర్చుకోనే లేదు. బ్రేకు పట్టుకుంటే పడతానని భయం. పట్టుకోకుండా ఆఫీసు దాటి అట్లాగే పోయాను. అహోబిలం దారిలో, ఊరు అయిపోయి చేలు వచ్చేదాకా పోయాను. వెనక నుంచి సారు కేకలు వినబడుతున్నాయి. ఆఖరికి ఒక మెత్తటి చాళ్ళలోకి దింపి పడిపోయాను. నల్లరేగడి మన్ను చీరకంతా పట్టింది.

ఇద్దరం తిరిగొచ్చేసరికి పదీ నలభై అయిదు. ఆయన అలవాటు చేసిన పద్ధతే, అటెండరు టైముకు రిజిస్టరు లోపల పెట్టేశాడు. రెండు గడులు ఖాళీ. నా పని అయిపోయిందనుకున్నాను. ఆఫీసరు ఆయన్ను చూసి, మీరు ఆఫీసు పని మీద బయటికి పోయినట్టు రాస్తాను లెండి అన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

"ఆఫీసు పని కాదు సార్. సైకిలు పని. ఇద్దరికీ వేయండి. ఇంగ ఆయమ్మకు పడదు. పడితే ఉద్యోగం తీసేయమని నేనే నోట్ పెడతా."

ఆఫీసరు కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఇంకా ఆరు నెలల గడువుంది, చూస్తామన్నారు. సారుకు అంతవరకు సర్వీసులో ఒక్క ఎర్ర గుర్తు లేదు. నా గడి పక్కన, వరసలో పైన, ఆయన గడిలో అది పడటం నా కళ్ళారా చూశాను. మర్నాటి నుంచి సాయంత్రం పూట, అందరూ పోయాక, గేటు దగ్గర దిగడం ఒకటే నేర్పించారు. దిగు, ఎక్కు, దిగు.

ఆ ఆరు నెలల్లో నాకు ఒక్క గుర్తు పడలేదు. వానాకాలం మడ్‌గార్డుల్లో మన్ను ఇరుక్కుని చక్రం తిరక్కపోతే పుల్లతో గీకి గీకి వచ్చేదాన్ని. ఆయన భార్య ఒక ఇస్త్రీ చీర మడిచి ఆయన సంచిలో పంపితే, అది రికార్డు గది బీరువాలో ఎప్పుడూ ఉండేది. ముందు సంతకం, తర్వాత చీర మార్చుకోవడం. గడువు ముగిశాక ఒక మధ్యాహ్నం చిత్తు కాగితాల కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టిపోయారు. మూడోది టైపు చేస్తుంటే నా పేరు వచ్చింది. నా ప్రొబేషన్ పూర్తయిందన్న ఆర్డరు. కళ్ళలో నీళ్ళతో ఎట్లాగో కొట్టి ఇచ్చాను. ఆయన చదివి వెనక్కి ఇచ్చారు. నీ పేరే తప్పు కొట్టినావ్, మళ్ళా కొట్టు అన్నారు.

ఇంతవరకు చెప్పినదే అయితే నేను ఈ రాత రాసేదాన్ని కాదు. అదే ఏడు ప్రమోషన్ల జాబితా వచ్చింది. సారు నంద్యాలకే, ఇంటికి నాలుగడుగుల దూరంలోని ఆఫీసుకు, సూపరింటెండెంటుగా పోవాల్సింది. బస్సు ఉండదు, రెండో సైకిలు ఉండదు. జాబితాలో ఆయన పేరు లేదు. మహిళా ఉద్యోగిని వేధించారన్న అర్జీ మీద విచారణ తేలలేదు కాబట్టి పక్కన పెట్టారని రాశారు. అర్జీ తప్పని తేలడానికి రెండేళ్ళు, మళ్ళీ జాబితా రావడానికి ఇంకో రెండేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆయన పొద్దున ఒక సైకిలు, ఒక బస్సు, ఇంకో సైకిలు. ఆ జాబితాను తపాలా రిజిస్టరులో ఎక్కించింది నేనే. ఆయన చూసి, ఈ బస్సు అలవాటైపోయిందిలే అన్నారు. ఆ మాటకు అటెండరు నవ్వాడు. నేను రికార్డు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి బస్సు శిరివెళ్లలో ఆగి ఉంది. ఆయన ముందు సీటు, నేను వెనక. సార్, ఆ అర్జీ, అని మొదలుపెట్టాను. "ఏ అర్జీ మ్మా? నూరు వచ్చింటాయి" అని కిటికీలోంచి శనక్కాయలు పిలిచి కొన్నారు. సగం పొట్లం నాకిచ్చారు. ఆయనే ఆపేశారు గదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ధైర్యం లేకపోయింది.

తర్వాత ఆయన నంద్యాలకు పోయారు, రెండేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆళ్లగడ్డలో షేరు ఆటోలు వచ్చాయి, ఆఫీసు వాళ్ళంతా మోటారు సైకిళ్ళు కొన్నారు. నేనూ స్కూటీ కొన్నాను. అంతకుముందే నన్ను చూసి ఆ దారిలో ఇంకో ముగ్గురు టీచరమ్మలు సైకిలు నేర్చుకున్నారు, వాళ్ళూ స్కూటీలకు మారారు. ఆయన మాత్రం రిటైరయ్యాక కూడా వారానికి మూడు రోజులు అదే గుడ్డల్లో, అదే సైకిలు మీద ఆఫీసుల దగ్గరికి పోయి, చదువురాని రైతులకు అర్జీలు రాసిపెట్టేవారు. ఏమీ తీసుకునేవారు కాదు. ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం రాయనని, పేరు పెట్టుకునేవాళ్ళకే రాస్తాననీ చెప్పేవారట. ఆ సంగతి ఎవరో నవ్వుతూ నాకే చెప్పారు.

మంగళవారం నేను చేరేసరికి వాకిట్లో మనుషులు కూడుతున్నారు. కడపలో ఉద్యోగం చేసే కొడుకు రావాలని ఆగారు. లోపల గదిలో ఆయన భార్య గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆయనకు చెప్పలేకపోయినది ఈమెకైనా ఇప్పుడు చెప్పకపోతే ఇంకెన్నడూ చెప్పలేననిపించి, చెవి దగ్గరికి వంగి చెప్పేశాను. అమ్మా, అప్పుడు సారు మీద అర్జీ రాసింది నేనే అని.

ఆమె నా వైపు తిరగలేదు.

"తెలుసు మ్మా. వచ్చిన దినమే చెప్పినాడు."

ఏమన్నారమ్మా అని అడిగాను.

"ఏమంటాడు. రెండు దినాలు అన్నం సరిగ్గా తినల్యా. బాధపడినాడు. యాల చేసింటుంది, ఎందుకు చేసింటుంది అని ఒకటే అడుగుతాండె నన్ను. మూడో దినం ఆదివారం. పొద్దున్నే లేచి, పాపను రమ్మన్నా, సైకిలు నేర్పించల్ల, నువ్వూ రా, పిన్నులు తీసుకో అన్నాడు."

ఆమె చేతిని అలాగే పట్టుకుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. ఓదార్చాల్సింది నేను, ఆ ఇంట్లో ఆ రోజు.

మధ్యాహ్నం ఎత్తారు. ఆడవాళ్ళం వీధి మలుపు దాకా పోయి ఆగాం. బంధువులు ముందు నడుస్తున్నారు. వాళ్ళ వెనక, నేను లోపల ఉన్నప్పుడు ఎప్పుడు వచ్చి చేరారో, పాణ్యం వైపు నుంచీ ఉయ్యాలవాడ వైపు నుంచీ వచ్చిన రైతులు, యాభై అరవై మంది ఉంటారు. కొందరు బస్సుల్లో వచ్చినట్టుంది. దగ్గరి ఊళ్ళ వాళ్ళు సైకిళ్ళ మీదే వచ్చారు. పెళ్ళికి కట్టుకునే తెల్ల పంచెలు, పెట్టెలోంచి తీసిన మడతలు ఇంకా పోని చొక్కాలు. మండే ఎండ. కుందూ ఏటి ఒడ్డున శ్మశానానికి చాలా దూరం. సైకిళ్ళున్నవాళ్ళు ఒక్కరూ ఎక్కలేదు. హ్యాండిలు మీద చెయ్యి వేసి, తోసుకుంటూ, పాడె ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా నడుస్తున్నారు. చక్రాలు తిరుగుతున్న టిక్కుటిక్కు చప్పుడు మలుపు దాకా వినబడింది. తర్వాత అది కూడా వినబడలేదు. ఎండలో చువ్వలు మెరవడం మాత్రం ఇంకాసేపు కనబడింది.